మూలధనము నడిగిన తీరు: విశాఖ నౌకానిర్మాణశాల కథ

"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మన పెద్దలు చెప్పుదురు. కాని అడుగుట యొకటి, అడిగి ఒప్పించుట మఱియొకటి. తల్లి నడిగినప్పుడు ఆకలి యున్నదని చెప్పిన చాలును. పరాయివాని ధనము నడిగినప్పుడు మన ఆకలిని గూర్చి చెప్పిన చాలదు. ఆ ధనము వలన అతనికి ఏమి దక్కునో చెప్పవలెను. దక్కకపోయినచో అతడు ఎంత నష్టపడునో అదియు చెప్పవలెను. ఈ రెండును చెప్పి, ఎదుటివాని చేత సరే యనిపించుట వ్యాపారవిద్యలో మిక్కిలి కష్టమైన భాగము.

నేడు విశాఖపట్టణములో ఋషికొండ పరిసరములందు చదువు ముగించిన యువతీయువకులు చిన్న సంస్థలు నెలకొల్పి పెట్టుబడిదారుల యెదుట నిలుచుచున్నారు. వీనిని కొందఱు స్టార్టప్‌లందురు, కొందఱు అంకురసంస్థలందురు. పది నిమిషములలో తమ తలంపును, లెక్కను, అవసరమును వివరింపవలెను. ఆ వివరణకు పిచ్ అని పేరు పెట్టినారు. పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. అదే పట్టణములో, నౌకాశ్రయమునకు దక్షిణపు వైపున, సింధియా అను ప్రాంతము కలదు. దినమునకు వేలకొలది జనులు బస్సులో ఆ పేరు చెప్పి టిక్కెట్టు కొందురు. గ్వాలియరు మహారాజుల వంశనామము మన సముద్రతీరమున ఒక కూడలికి ఎట్లు వచ్చెనని విచారించినచో, మూలధనము నడుగుటను గూర్చిన పెద్ద కథ బయటపడును. ఆ కథనే నేడు మనము చెప్పుకొందము.

కథ విశాఖలో ఆరంభము కాదు. దక్షిణమున తూత్తుకుడిలో ఆరంభమగును. 1906లో అచ్చటి న్యాయవాది వి. ఓ. చిదంబరం పిళ్లె గారు స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించిరి. తూత్తుకుడికిని కొలంబోకును నడుమ ప్రయాణికులను, సరకులను చేర్చు వ్యాపారము అంతవఱకు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతిలో నుండెను. పిళ్లె గారి కంపెనీ మూలధనము పది లక్షల రూపాయలు. వాటాకు వెల ఇరువదియైదు రూపాయలు. వాటాలు నలువది వేలు. ఆ వెలను చూచినంతనే పిళ్లె గారు ఎవరి ధనము నడిగిరో తెలియును. లక్షాధికారులను మాత్రమే కాక, దుకాణదారును, గుమాస్తాను, ఉపాధ్యాయుని అడిగిరి. స్వదేశీ ఉద్యమపు వేడి నాడు దేశమంతట నుండెను. జనులు ఇచ్చిరి. గాలియా, లావో అను రెండు ఓడలు వచ్చెను.

పోటీ వెంటనే మొదలయ్యెను. తెల్లదొరల కంపెనీ టిక్కెట్టు వెలను రూపాయికి దింపెను. తుదకు ఊరకనే ఎక్కించుకొని, ఎక్కినవానికి గొడుగు గూడ బహుమానముగా నిచ్చెనని చెప్పుదురు. 1908లో పిళ్లె గారిని రాజద్రోహనేరముపై బంధించిరి. నడపువాడు చెఱసాలలో నుండగా కంపెనీ నిలువలేక 1911లో మూతపడెను. ఇరువదియైదేసి రూపాయలిచ్చినవారు ఆ రూపాయలను మరల చూడలేదు.

పిళ్లె గారు అడిగిన తీరులో లోపమున్నదని మేము చెప్పుట లేదు. అడిగినంతయు జనులు నమ్మి యిచ్చిరి గదా. కాని ఓడలు కొనుటకు ఎంత ధనము కావలెనో, కొన్న పిదప శత్రువు వెలలు దింపినప్పుడు కొంతకాలము నష్టపడి నిలుచుటకు ఎంత ధనము కావలెనో, ఆ రెండు లెక్కలు వేరు. మొదటి లెక్క వాటాదారునకు కనబడును. రెండవది కనబడదు. కనబడని లెక్కయే ఓడను ముంచును. తరువాత పదమూడేండ్లకు బొంబాయిలో ఓడల వ్యాపారమునకు ధనము నడుగ బూనినవారి యెదుట ఈ జ్ఞాపకము పెద్ద కొండవలె నిలిచియుండెను. వినువారందఱును మనస్సులో ఒకే ప్రశ్న వేసికొనిరి: తూత్తుకుడి వారికి కాని పని మీకెట్లగును?

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు వాల్‌చంద్ హీరాచంద్ గారు. 1882లో షోలాపురమున పుట్టిన గుజరాతీ జైనులు. రైలుమార్గముల కాంట్రాక్టులలో పేరు గడించినవారు. సముద్రవ్యాపారమున అనుభవము లేనివారు. 1919లో గ్వాలియరు మహారాజుగారి ఓడ యొకటి అమ్మకమునకు వచ్చినదని ఆయనకు తెలిసెను. దాని పేరు లాయల్టీ. అది క్రొత్త యోడ కాదు. 1891 నుండి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అను పేరుతో పసిఫిక్ మహాసముద్రమున తిరిగి, మొదటి ప్రపంచయుద్ధకాలమున సింధియా మహారాజు చేతికి వచ్చి, గాయపడిన సైనికులకు వైద్యశాలగా పనిచేసిన యోడ. వాల్‌చంద్ గారు నరోత్తం మొరార్జీ, కీలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామళదాసు గార్లతో కలిసి దానిని కొనిరి. అమ్మినవారి వంశనామమునే కంపెనీకి పెట్టిరి. ఆ విధముగా సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పుట్టినది. 1919 ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయి నుండి ఇంగ్లండునకు బయలుదేరెను. 1964 నుండి ఆ తేదీనే జాతీయ సముద్రయాన దినముగా మన దేశము జరుపుకొనుచున్నది.

ఇచ్చట మనము గమనింపవలసిన వరుస యొకటి కలదు. ముందు ఓడ, పిదప వాటాలు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అను సామెత మనకున్నది. వ్యాపారమునకు ధనము నడుగువారిలో సగము మందిపై ఈ సామెత ప్రయోగింపవచ్చును. వాల్‌చంద్ గారి బృందము తమ ధనముతో, తమ పేరుతో, కంటికి కనబడు ఓడను సంపాదించి, దానిని చూపి ప్రజల ధనము నడిగెను. రెండవ గమనింపదగిన సంగతి, అడిగిన మొత్తము. తూత్తుకుడి కంపెనీ మూలధనము పది లక్షలు. సింధియా కంపెనీ మూలధనము నాలుగున్నర కోట్లు. ఇది నలువదియైదు రెట్లు. తక్కువ యడిగినచో సులభముగా దొరకునని తలచువారికి ఈ లెక్క ఆశ్చర్యము కలిగించును. పోటీని భరించుటకు చాలని మొత్తము దొరకినను దొరకనట్లే యని ఆ స్థాపకులకు తెలియును. మూడవది, అడిగిన సమయము. యుద్ధము ముగిసిన ఆ సంవత్సరమున ప్రపంచమంతట ఓడలకు కొఱత, కిరాయిలు ఆకాశమంటుచుండెను. వినువాని చెవి తెఱచియున్న వేళనే వారు మాటాడిరి.

కాని మంచి కాలమున సేకరించిన ధనము చెడ్డకాలమున పరీక్షకు నిలువవలెను గదా. ఒకటి రెండేండ్లలో కిరాయిలు పడిపోయెను. బ్రిటిష్ కంపెనీలు మరల వెలల యుద్ధము మొదలుపెట్టెను. వానికి నాయకుడు ఇంచ్‌కేప్ ప్రభువు. సింధియా కంపెనీనే కొనివేయుదుమన్న బేరము గూడ వచ్చెను. స్థాపకులు అమ్మలేదు. తుదకు 1923లో పదేండ్ల ఒప్పందమునకు సమ్మతించిరి. దాని ప్రకారము సింధియా కంపెనీ తీరవ్యాపారమునకే పరిమితము కావలెను. దాని ఓడల మొత్తము డెబ్బదియైదు వేల టన్నులు మించరాదు. విదేశములకు పోవలెనని లాయల్టీతో ఆరంభమైన కంపెనీకి ఇది సంకెల వంటిది. అయినను కంపెనీ బ్రతికెను. తూత్తుకుడి వాటాదారుల వలె సింధియా వాటాదారులు అంతయు పోగొట్టుకొనలేదు. స్వాతంత్ర్యమును కొంత వదలి ప్రాణమును దక్కించుకొన్న బేరమది. ఇది తప్పా ఒప్పా యని నాడును వాదములు జరిగెను. మా అభిప్రాయమేమనగా, ఇతరుల ధనము చేతిలో పెట్టుకొన్నవాడు తన పౌరుషమునొక్కదానినే చూచుకొనుటకు వీలులేదు.

ఆ 1923వ సంవత్సరమే మన తెలుగుదేశమున మఱియొక విధముగా మూలధనము నడిగిన సంవత్సరము. మచిలీపట్టణమున వైద్యవృత్తి చేసిన భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు ఆ నవంబరు మాసమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అధికృత మూలధనము పది లక్షలు. చేతికి వచ్చిన మూలధనము లక్ష రూపాయలు. బొంబాయి నాలుగున్నర కోట్లతో పోల్చినచో ఇది చిన్న దీపము. కాని పట్టాభి గారు ఊరక పోయి అడుగలేదు. అంతకు ఎనిమిదేండ్ల క్రిందటనే, 1915లో, కృష్ణా మండలమున సహకార బ్యాంకు స్థాపించి, రైతుల ధనమును రైతుల అవసరములకు త్రిప్పి చూపిరి. ఆయనను గుఱించి తెలియనివారు ఆ మండలమున లేరు. బొంబాయిలో ఓడ చేసిన పనిని ఇచ్చట మనిషి నడత చేసెను. చూపించుటకు ఓడ లేనివానికి వెనుకటి పని యైనను ఉండవలెను. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలియువఱకు దాదాపు నూఱేండ్లు ఆ పేరుతో నడచెను. లక్ష రూపాయలతో మొదలిడిన సంస్థకు ఇది తక్కువ ఆయుర్దాయము కాదు.

ఇక మన తీరమునకు వత్తము. 1929లో నరోత్తం మొరార్జీ గారు మరణించిన పిదప వాల్‌చంద్ గారు సింధియా కంపెనీకి అధ్యక్షులైరి. ఓడలు నడపుటతో తృప్తిపడక, ఓడలు కట్టవలెనను తలంపు ఆయనకు బలపడెను. కంపెనీ కొను ప్రతి క్రొత్త యోడయు బ్రిటను నుండి రావలసినదే. పోటీదారు దేశములోనే మన ఓడ పుట్టుచుండెను. ఈ స్థితి మారవలెనన్నచో నౌకానిర్మాణశాల మన దేశముననే యుండవలెను. ఇది వినుటకు బాగుండును. కాని వాటాదారునకు చెప్పుట ఎట్లు? ఓడ కొన్నచో మఱునాడే కిరాయి తెచ్చును. నిర్మాణశాల అట్లు కాదు. భూమి, రేవుగట్టు, యంత్రములు, శిక్షణ పొందిన పనివారు, ఉక్కు, ఇవన్నియు సమకూడిన పిదప ఏండ్లు గడచిన గాని ఒక్క ఓడయు నీటిలో దిగదు.

మొదట కలకత్తాను చూచిరి. ఉక్కుకర్మాగారములకు దగ్గఱ, ఇంజనీరింగు పనివారు దొరకు నగరము. కాని అచ్చటి పోర్టు అధికారులతో భూమిని గుఱించిన సంప్రదింపులు ఫలింపలేదు. అప్పుడు దృష్టి విశాఖపట్టణముపై పడెను.

విశాఖ నౌకాశ్రయము అప్పటికి పసిబిడ్డ. కలకత్తా మదరాసుల నడుమ పెద్ద యోడలు సురక్షితముగా నిలుచు రేవు లేదను కొఱతయు, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలెనను అవసరమును ఆ రేవును పుట్టించెను. రాయపూరు విజయనగరముల రైలుమార్గము ఖనిజమును దింపుటకు సిద్ధమయ్యెను. డాల్ఫిన్స్ నోస్ అని పిలువబడు కొండ దక్షిణము నుండి అడ్డుగోడవలె నిలిచెను. రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి, అలల తాకిడిని ఆపుటకు ఉపయోగించిరి. బురదనేలను త్రవ్వి లోపలి రేవును తయారుచేసిరి. 1933 డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు దానిని ప్రారంభించెను. అంతకు ముందే, ఆ అక్టోబరు 7వ తేదీన, ఆ రేవులో మొదట ప్రవేశించిన ప్రయాణికుల ఓడ జలదుర్గ. అది సింధియా కంపెనీ ఓడయే. కావున 1940లో విశాఖలో నిర్మాణశాల కట్టుదమని వాల్‌చంద్ గారు చెప్పునాటికి, ఆ రేవు లోతును వారి కంపెనీ నావికులు ఏడేండ్ల నుండి ఎఱుగుదురు. ఎఱిగిన చోటును గూర్చి మాటాడువానికిని, పటములో చూచి మాటాడువానికిని తేడా యుండును.

తెలుగుతీరమునకు ఓడలు కట్టుట క్రొత్త గాదు. గోదావరి సంగమమున కోరంగిలో పూర్వము కొయ్యయోడలు కట్టుచుండిరి. ఆ రేవు నుండి బర్మాకు పోయిన మనవారికి అచ్చట కోరంగీలను పేరే నిలిచిపోయెను. కాని ఉక్కుతో సముద్రనౌకను కట్టుట వేఱు. అందులకు కావలసినది లక్షలు కాదు, కోట్లు. ఆ కోట్లను సమకూర్చుటకు ఒక్క కంపెనీ వాటాదారులు చాలరు, ప్రభుత్వపు చేయూతయు కావలెను.

సరిగా ఆ కాలముననే వాల్‌చంద్ గారు మఱియొక పరిశ్రమకును ధనము నడిగిరి. ఆ రెండు కోరికలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో గొప్ప పాఠము దొరకును. 1939లో విమానప్రయాణమున ఆయనకు విలియం పాలీ అను అమెరికను విమానవ్యాపారితో పరిచయమయ్యెను. భారతదేశమున విమానములు తయారుచేయుదమను ఆలోచన అచ్చట మొలకెత్తెను. మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్ గారు ఆసక్తితో వినిరి. మైసూరు ప్రభుత్వము ఇరువదియైదు లక్షల రూపాయలను, బెంగుళూరు చెంత విశాలమైన భూమిని ఇచ్చెను. 1940 డిసెంబరు 23వ తేదీన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కంపెనీ స్థాపితమయ్యెను. భారత ప్రభుత్వము గూడ 1941లో ఇరువదియైదు లక్షలతో భాగస్వామి యయ్యెను. ఆ సంవత్సరముననే అచ్చట కూర్చిన విమానము ఆకాశమున ఎగిరెను. తలంపునకును ఫలమునకును నడుమ రెండేండ్లు గూడ పట్టలేదు.

అదే మనిషి, అదే కాలము, అదే ప్రభుత్వము. ఓడలశాలను గూర్చి అడిగినప్పుడు మాత్రము ఆ ఉత్సాహము కనబడలేదు. యుద్ధము ముగియులోపల ఆ శాల నుండి ఓడ రాదని ప్రభుత్వము తలచెను. కావున యంత్రములు తెప్పించుకొనుటకు కావలసిన ప్రాధాన్యము దొరకలేదు. విమానము మాటలో వాల్‌చంద్ గారి నేర్పు ఎక్కువయై, ఓడ మాటలో తగ్గెనా? కాదు. విమానము యుద్ధములో నున్న ప్రభుత్వమునకు తక్షణపు అవసరము. తూర్పున యుద్ధము విస్తరించునను భయము విమానమునకు ధనము తెచ్చెను. ఓడలశాల దేశమునకు రేపటి అవసరము. నాటి పాలకులకు నేటి అవసరము కాదు. బ్రిటిష్ ఓడలకు పోటీ తెచ్చు పరిశ్రమను బ్రిటిష్ ప్రభుత్వము పెంచునని ఆశించుటయు కష్టమే. ధనము గలవాడు మన మాట వినునప్పుడు తన అవసరము నుండియే వినును. ఆ అవసరము మన మాటలో లేనిచో ఎంత చక్కగా చెప్పినను చెవిటివాని ముందు శంఖమూదినట్లే.

విమానకథకు ముగింపును గూడ చెప్పవలెను. 1942 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వము వాల్‌చంద్ గారి వాటాలను కొని ఆ కర్మాగారమును తన చేతిలోనికి తీసికొనెను. వేగముగా వచ్చిన పెట్టుబడిదారు వేగముగానే యజమాని యయ్యెను. అవసరముండి వచ్చినవాడు ఆ అవసరము పెరిగినకొలది అధికారమును కోరును. దీనిని ముందుగా ఎఱుగక ధనము పుచ్చుకొన్నవారు పిదప ఆశ్చర్యపడుదురు.

విశాఖలో ప్రభుత్వపు ఉత్సాహమునకై వేచియుండక సింధియా కంపెనీ తన పని మొదలుపెట్టెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు నౌకానిర్మాణశాలకు పునాదిరాయి వేసిరి. తరువాత కాలమున స్వతంత్రభారతమునకు ప్రథమ రాష్ట్రపతి యైనవారు నాడు కాంగ్రెసు నాయకులు. ప్రభుత్వాధికారిని కాక జాతీయనాయకుని పిలుచుటలో కంపెనీ ఉద్దేశము స్పష్టము. ఆ ఉత్సవమే ఒక విధమైన విన్నపము. పరప్రభుత్వము వినకపోయినను, రేపు రాబోవు మన ప్రభుత్వము వినవలెనని అది తెలియజేసెను. అచ్చటి నివాసమునకు గాంధీగ్రామమను పేరు నేటికిని నిలిచియున్నది.

పునాది వేసిన పది నెలలలోపుననే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసిరి. పట్టణము ఖాళీ యయ్యెను, నిర్మాణము నిలిచెను. అట్టి దినమున ఏ వాటాదారునకైనను కలుగు మొదటి తలంపు, నా ధనము సముద్రము పాలయ్యెనా యనునదే. కంపెనీ వెనుదీయలేదు. పని మరల మొదలయ్యెను. 1946 జూన్‌లో మొదటి యోడకు అడుగుదూలము వేసిరి. 1948 మార్చి 14వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు ఆ ఓడకు జలప్రవేశము చేయించిరి. ఎనిమిది వేల టన్నుల ఆ ఓడ పేరు జల ఉష. స్వాతంత్ర్యము వచ్చి ఏడు మాసములైనను నిండలేదు. స్వతంత్రభారతమున నిర్మితమై నీటిలో దిగిన మొదటి పెద్ద యోడ తెలుగుతీరమున దిగినది.

ఇంతటితో కథ సుఖాంతమైనదని చెప్పినచో వినుటకు బాగుండును గాని అది చరిత్ర కాదు. విశాఖలో ఓడ కట్టుటకు అగు ఖర్చు బ్రిటనులో అగు ఖర్చు కంటె చాల ఎక్కువ. ఉక్కు, యంత్రభాగములు దూరము నుండి రావలెను. పనివారు క్రొత్తవారు. ఏడాదికి కట్టు ఓడలు కొన్నియే గాన, స్థిరవ్యయమంతయు ఆ కొన్నింటిపైననే పడును. దేశభక్తి గల ఓడలకంపెనీ గూడ చౌకగా దొరకుచోటనే కొనును గదా. కొనువారు లేక శాల ఆగిపోవు స్థితి వచ్చినప్పుడు సింధియా కంపెనీ మరల ప్రభుత్వమునే ఆశ్రయింపవలసి వచ్చెను. ఈసారి ప్రభుత్వము మనది; అవసరమును మనది. ప్రభుత్వమే కొన్ని ఓడలకు ఆర్డరు నిచ్చి, బ్రిటిషు వెలకును విశాఖ వెలకును గల తేడాను తాను భరించుటకు పూనుకొనెను. కాని ఎంతకాలము? 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ అను క్రొత్త కంపెనీ ఏర్పడెను. అందు ప్రభుత్వమునకు మూడింట రెండు వంతులు, సింధియాకు ఒక వంతు. 1961లో ఆ ఒక వంతును గూడ ప్రభుత్వము కొనెను. 2010లో ఆ సంస్థ రక్షణమంత్రిత్వశాఖ క్రిందికి వచ్చెను. వాల్‌చంద్ గారు 1953 ఏప్రిల్‌లో కన్నుమూసిరి. తాను నాటిన చెట్టు పరుల తోటలో పెరుగుటను చూచియే పోయిరి.

ఇది ఓటమి యగునా? కంపెనీ దృష్టితో చూచినచో కొంత యగును. దేశము దృష్టితో చూచినచో కాదు. శాల నిలిచినది, వేలమందికి పని చూపినది, ఓడలు కట్టు నేర్పు మన తీరమున వేళ్లూనినది. మూలధనము నడుగు ప్రతివాడును తన్ను తాను ముందుగా ప్రశ్నించుకొనవలసిన ప్రశ్న ఇచ్చట నున్నది: నాకు కావలసినది పని జరుగుటయా, లేక ఆ పనికి నేను యజమానిగా నుండుటయా? రెండును దొరకుట అరుదు. ఏది వదలుకొనుటకు సిద్ధమో తెలిసికొనక పెట్టుబడిదారు నెదుట కూర్చుండువాడు ఆ రెండింటిని పోగొట్టుకొనును.

విశాఖపట్టణము మఱియొక పెద్ద పెట్టుబడిని గూడ అడిగినది. ఆ యడిగిన తీరు దీనికి పూర్తిగా భిన్నము. ఉక్కుకర్మాగారమునకు విశాఖ తగిన చోటని 1965లో నిపుణుల సంఘము నివేదించెను. లెక్కలు అనుకూలముగానే యుండెను. కాని నిర్ణయము రాలేదు. 1966లో తెలుగుదేశమంతట ఆందోళనము చెలరేగెను, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదము పల్లెపల్లెకు పాకెను, నిరాహారదీక్షలు జరిగెను, కాల్పులలో ప్రాణములు పోయెను. 1970 ఏప్రిల్ 17వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20వ తేదీన పునాది పడెను. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు గారు దానిని జాతికి అంకితము చేసిరి. నివేదిక నుండి అంకితము వఱకు ఇరువదియేడేండ్లు. లెక్క సరియైనంత మాత్రమున ధనము రాదనియు, ప్రజలు ప్రాణమొడ్డి అడిగినను ధనము తన నడకతోనే వచ్చుననియు ఈ చరిత్ర చెప్పుచున్నది. ఆ కర్మాగారమునకై గ్రామములను, పొలములను వదలిన కుటుంబములును పెట్టుబడిదారులే. వారు పెట్టినది రూపాయలు కావు, తాతలనాటి నేల. వారి వాటా ఏ కంపెనీ పుస్తకమునను వ్రాయబడదు. పెట్టుబడిని గూర్చి మాటాడునప్పుడు వారిని మఱచుట న్యాయము కాదు.

ఈ కథలన్నింటి నుండి తేలు సారమును క్లుప్తముగా చెప్పుకొందము. మొదటిది, మాట కంటె ముందు వస్తువు నుండవలెను. లాయల్టీ ఓడవలె చూపుటకు ఏదియైన కావలెను. అది లేనిచో పట్టాభి గారి సహకార బ్యాంకువలె వెనుకటి పని సాక్ష్యమీయవలెను. రెండవది, పని మొదలుపెట్టుటకు కావలసిన ధనమును మాత్రమే కాక, కష్టకాలమున నిలుచుటకు కావలసిన ధనమును గూడ లెక్కలో చేర్చి అడుగవలెను. తూత్తుకుడి నేర్పిన పాఠమిది. మూడవది, ఎదుటివాని అవసరము నెఱిగి అడుగవలెను. విమానమునకు దొరకినది ఓడకు దొరకకపోవుటకు కారణమిదియే. నాలుగవది, ధనముతోపాటు వచ్చు షరతులను ధనము పుచ్చుకొనకముందే చదువవలెను. 1923 ఒప్పందమును, 1942లో విమానకర్మాగారము చేయి మాఱుటయు, 1952 నాటి మార్పును దీనికి తార్కాణములు.

ఇంతవఱకు అడుగువారిని గూర్చి చెప్పితిమి. కాని మన శ్రోతలలో అడుగువారి కంటె అడుగబడువారే ఎక్కువ. ఇంటిఖర్చు పోగా మిగిలిన నాలుగు రూపాయలను ఎచ్చటనైన పెట్టుడని నేడు ప్రతి గృహస్థునకును పిలుపులు వచ్చుచున్నవి. వార్తాపత్రికలోను, చేతిలోని ఫోనులోను లాభముల వర్ణనలు నిండియుండును. 1906లో తూత్తుకుడి గుమాస్తా ఇరువదియైదు రూపాయలు తీసి యిచ్చునప్పుడు అడుగని ప్రశ్నను మనము అడుగుట మేలు: పోటీ వచ్చినప్పుడు, బాంబు పడినప్పుడు, కొనువాడు రానప్పుడు మీరు ఎట్లు నిలుతురు? లాభమును గూర్చి చెప్పుటకు అందఱును సిద్ధముగా నుందురు. ఈ ప్రశ్నకు తడుముకొనక, దాచక సమాధానము చెప్పగలవాని పని నిలుచుటకు అవకాశమెక్కువ. చెప్పలేనివానికి మన ధనము నీయకుండుట మనకును మంచిది, అతనికిని మంచిది.

లాయల్టీ నేడు లేదు. జల ఉషయు లేదు. సింధియా కంపెనీ ఓడలును సముద్రమున కనబడవు. వారు అడిగి తెచ్చిన మూలధనముతో లేచిన శాల మాత్రము ఆ రేవు ప్రక్కన నేటికిని పనిచేయుచున్నది. దాని చెంత బస్సు దిగువారి నోట ఆ పేరు నిలిచియున్నది.